ముగ్గేసిన మురిక్కాలువ

మాది జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్. అక్కడి బజార్లో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. నిరుడు వానాకాలంలో షాపుల ముందున్న కాలువ పూడిపోయి, మురుగంతా రోడ్డెక్కింది. మా దుకాణదారుల సంఘం ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఎట్టకేలకు మున్సిపల్ ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తానన్నారు.

ఆ కబురు వినగానే మా సంఘం అధ్యక్షుడు, మిఠాయి కొట్టు అప్పలనాయుడు బాబాయి కంగారుపడిపోయాడు.

"అంత పెద్దాయన వత్తంటే ఈ కంపులో కూకోబెడతామేటి? మన పరువేటైపోతాది?" అన్నాడు.

ఇంకేముంది! పొద్దున్నే అందరం చీపుళ్లు పట్టాం. రోడ్డు కడిగి, బ్లీచింగ్ చల్లి, కాలువ మీద చెక్కలు పరిచి తివాచీ వేశాం. నేనైతే ముగ్గు కూడా పెట్టాను.

ఆఫీసరు వచ్చారు. బంతిపూల దండ వేయించుకుని, లడ్డూ తిని, అటూ ఇటూ చూశారు. ఇంత శుభ్రమైన బజారులో సమస్య ఎక్కడుందని హిందీలో అడిగారు.

ఆయన జీపెక్కబోతుంటే బాబాయి తివాచీ లాగేసి, చెక్క ఎత్తి, పట్టుపంచెతోనే కాలువలోకి దిగిపోయాడు.

"సాబ్, సమస్యా యహా హై!" అని మోకాటి లోతు మురుగులోంచి అరిచాడు.

కాలువ బాగుపడింది. మొరపెట్టుకున్నవాళ్లమే సాక్ష్యాన్ని కడిగేసుకున్న ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.

ఇప్పుడు వీధి దీపాల కోసం తిరుగుతున్నాం. ఆఫీసరు చీకటి పడ్డాక వచ్చి చూస్తారట. స్వాగతానికి బాబాయి అప్పుడే సీరియల్ లైట్లు పురమాయించేశాడు.