చింతపండు పెట్టి రుద్దిన బండ

మా నాయనది ఉదయగిరిలో రాతిపని. స్వతంత్రం వచ్చిన మూడో ఏడు నన్ను ఆత్మకూరులో ఇచ్చాక, మా అత్తగారి వంటింటి గట్టు మీద కడప నల్లబండ ఆయనే పరిచి అద్దంలా నునుపు చేశాడు. వెళ్తూ అత్తతో ఒక్కటే చెప్పాడు: "వదినా, దీనికి పులుపు తగలనీయొద్దు. తడిగుడ్డతో తుడిస్తే చాలు."

చింతపండుతో తోమనిదేదీ ఆమె లెక్కలో శుభ్రం కాదు. ఉగాదికి ఇత్తడి బిందెలు తోమి, మిగిలిన పిప్పితో బండను కూడా బరబరా రుద్దింది. ఆరేసరికి నలుపు పోయి తెల్లటి చారలు తేలాయి.

పండక్కి మా నాయన కూడా వచ్చి ఉన్నాడు. అందరి ముందూ నన్ను పిలిచి, "మీ నాయన బొల్లిరాయి అంటగట్టినాడు, చూడు" అంది.

"రుద్దింది నువ్వే కదత్తా?"

"నోరు ముయ్యి. చింతపండుకు రాయి చెడతాదా యాడన్నా?"

చుట్టాలు పకపకా నవ్వారు. నాయన తల వంచుకున్నాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆమె పోయి ఇరవై ఏళ్లు. బండకు పాలిష్ పట్టిస్తానన్నాడు మా అబ్బాయి. వద్దన్నాను. గోడ మీది ఆమె ఫొటోకు కావాలంటే వాళ్లు దండలు వేసుకోనీ. ఆమె చెయ్యి ఎటు తిరిగిందో ఆ చారల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు అదే చూపిస్తాను.