దానంతటదే పడిన టైము

ఓడలరేవులో మా పడవల ఆఫీసుకి కంప్యూటరు వచ్చిన కొత్తలో ఆపరేటరుగా ఒకావిడ ఉండేవారు. వేటకి వెళ్ళే పడవ పేరు ఆవిడ కొట్టగానే, పక్క గడిలో టైము దానంతటదే పడేది. వాళ్ళాయన ఎక్కిన పడవ పేరూ ఆవిడే కొట్టేరు. ఆ పడవ మళ్ళీ రాలేదు.

అప్పట్నుంచీ రోజూ ఇంటికెళ్ళేముందు తెర మీద ఆ పడవ వరుస తెరిచి, టైము మీద చూపుడువేలు ఆనించి కాసేపు కూర్చునేవారు.

చివరికి ఆ పడవకి 'తిరిగి రాలేదు' అని ఎక్కించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆవిడే ఎక్కించేరు. అదేం వెధవ ఏర్పాటో, వరుసలో ఏ అక్షరం మార్చినా ఆ గడిలో కొత్త టైము పడుతుందని మాకెవరికీ తెలీదు. పాతది పోయి, ఆ నిమిషం టైము వచ్చి కూర్చుంది. ఆవిడ అలవాటుగా ఆ గడి మీద వేలు ఆనించేరు.

"మీకు గుర్తే కదండీ, పాత టైము మళ్ళీ కొట్టేద్దాం," అన్నాను.

"ఆయ్, గుర్తేనండీ. కానీ అది నేను కొట్టింది అవుతుంది. ఆయన వెళ్తుంటే పడింది కాదు కదండీ."

తెర మీద నుంచి వేలు తీసి, ఇంక దాంతో ఏం చెయ్యాలో తెలీనట్టు ఒళ్ళో పెట్టుకున్నారు.