ఖాళీ గడిలో ఆరు గంటలు

సత్యదుర్గారావుది సఖినేటిపల్లిలో డీటీపీ, జెరాక్సు దుకాణం. పెళ్లిపత్రికలు, కర్మకాండల కార్డులు, అర్జీలు... ఇరవై ఏళ్లుగా అదే బతుకు. పుట్టింది చేపల వేటకెళ్లే ఇంట్లోనే. ఏం లాభం, పడవెక్కితే చాలు కక్కుకునేవాడు. "వీడు గట్టుమీద బతకాల్సినోడే" అని తండ్రి తేల్చేశాడు. ఆ మాట ముల్లులా మనసులో ఉండిపోయింది.

అందుకే రెండేళ్ల కిందట పడవలవాళ్ల కోసం ఒక వెబ్ పేజీ పెట్టాడు. ఏ రోజు ఎన్నింటికి పోటు, అంటే నీరెక్కేది, ఎన్నింటికి పాటు, అంటే నీరు తీసేది, నెల మొత్తం వరసగా. తండ్రి రోజుల్లో తిథి చూసి, వేళ్ల కణుపులు లెక్కపెట్టి చెప్పేవారు. ఇప్పుడంత ఓపిక ఎవరికుంది? అందరూ ఫోను తీయడమే. "మీ పేజీ బంగారమండీ దుర్గారావుగారూ" అని ఎవరైనా అంటే మనిషి జానెడు ఎత్తు పెరిగేవాడు.

గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకమేట ఉంది. పోటు మీద దాటితే పడవ సాఫీగా పోతుంది. పాటులో దాటితే అలలు మేట మీదే విరిగి పడవని తిరగేస్తాయి. ఇది అక్కడి పిల్లలక్కూడా తెలుసు.

తమ్ముడు ముత్యాలరాజుకీ తెలుసు. కానీ వాడు పదేళ్లు తాటిపాకలో గ్యాసు పైపుల పని చేసి, ఆ పని పోయాక నిరుడే పడవ పట్టాడు. నీటి తీరు ఇంకా ఒంటబట్టలేదు. అన్న పేజీయే వాడికి వేదం. ఒక రోజు పొద్దున్నే ఆరింటికి మొగ దాటబోయాడు. పడవ తిరగబడింది. మూడోరోజుకి శవం ఒడ్డుకొచ్చింది.

పెద్దకర్మనాడు మరదలు లక్ష్మీతులసి ఏడుస్తూ అంది. "ఆరింటికి పోటని ఫోన్లో చూసుకునే వెళ్లేరండీ బావగారూ. అన్నయ్య రాసేడు, తప్పుండదన్నారు."

దుర్గారావు చప్పున లేచాడు. ఆ రోజు ఆరింటికి పాటు కదా!

పరుగున దుకాణానికి పోయి కంప్యూటర్లో పేజీ తెరిచాడు. ఆరు గంటలు చక్కగా 'పాటు' కిందే ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యమేసింది.

అక్కడితో వదిలేయొచ్చు. పాపం, వదల్లేకపోయాడు. బ్రౌజర్లు మార్చి చూశాడు. ఒకదాంట్లో అంకెల మధ్య ఖాళీలు వెడల్పుగా, ఇంకోదాంట్లో ఇరుగ్గా కనబడ్డాయి. ఫాంట్లు మార్చి చూశాడు. మూడు వారాలు తిండి సయించలేదు. చివరికి మరదలి ఫోనడిగాడు. మొగుడూ పెళ్లాలు జతగా కొనుక్కున్న ఒకే రకం ఫోన్లవి. వాడిది సముద్రం పాలైంది.

ఆ ఫోన్లో ఆ తేదీ దగ్గర, ఆరు గంటలు 'ఉదయం పోటు' కింద ఉంది.

అదీ సంగతి. డీటీపీ అలవాటుకొద్దీ గళ్లు గీయకుండా స్పేసులు కొట్టుకుంటూ వరసలు పేర్చాడు దుర్గారావు. అతని కంప్యూటర్లో అక్షరాలూ స్పేసులూ ఒకే ఫాంటువి. ఫోన్లో ఆ ఫాంటు లేదు. అక్షరాలు ఒక ఫాంటు నుంచి, స్పేసులు ఇంకో ఫాంటు నుంచి తెచ్చుకుంది. ఆ స్పేసులు సగం వెడల్పే. మామూలు రోజుల్లో వరస కాస్త వంకరపోయేది, ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం పోటు ముందురోజు అర్ధరాత్రిలోపే వచ్చేసింది కాబట్టి ఉదయం పోటు గడి ఖాళీ. ఉన్నవన్నీ స్పేసులే. అవి ముడుచుకునేసరికి పక్కనున్న ఆరు జరిగొచ్చి అందులో కూర్చుంది.

గళ్లు గీసి సరిచేయడానికి పావుగంట పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పావుగంట పనికి తమ్ముడు పోయాడని బల్ల మీద తల పెట్టుకుని భోరుమన్నాడు.

సాయంత్రం ఫోను తిరిగిచ్చాడు. "వాడు సరిగ్గానే చూశాడమ్మా. నా పేజీయే అబద్ధం చెప్పింది. తప్పు నాది. రేపు రేవులో అందరికీ చెబుతాను."

లక్ష్మీతులసి ఫోను అందుకుని కొంగుతో తుడిచింది. లోపలికెళ్లి తలుపేసుకుంటుందేమో అనుకున్నాడు. అలా జరిగినా బాగుండేది.

"మా నాన్నగారు రేపు వేటకెళ్తున్నారండీ," అంది చివరికి. "పోటు ఎన్నింటికండీ?"

అతను అదే ఫోన్లో సరిచేసిన పేజీ చూపించబోయాడు.

"వద్దండీ. దాంట్లో చూడలేను. మీరు నోటితో చెప్పండి."

దుర్గారావు గోడ మీది క్యాలెండరు వంక చూశాడు. రేపు ఏకాదశి. తండ్రిలాగే బొటనవేలు కణుపుల మీద పెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"తెల్లారుజామున ఐదున్నరమ్మా," అన్నాడు.

"ఆయ్," అని తలూపింది ఆమె.

అతను కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటి కణుపు మీద వేలు పెట్టాడు.