మొదటి వంతు

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున గుడివాడ బస్టాండులో తెలిసింది. నేను అక్కడికి వెళ్ళింది ఆయన పని మీదే. వాళ్ళు అడిగినదానికి జవాబివ్వడానికి ఇంకో రెండు రోజులు గడువు కావాలని గుడివాడ కబడ్డీ జట్టు మేనేజరుకు చెప్పి రమ్మన్నారు. ఆ మాట చెప్పకుండానే వెనక్కి బస్సెక్కాను.

జీతాలిచ్చి ఆడించే మా లీగులో ఆరు జట్లు. చీట్లు తీసి, వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకుంటారు. మాస్టారు నడిపే, నేను ఆయనకు సాయంగా ఉండే దివిసీమ జట్టుకు ఈసారి మొదటి వంతు వచ్చింది. అందరి కళ్ళూ కూతకు వెళ్ళే ఒక బందరు కుర్రాడి మీదే ఉన్నాయి. ఇంకో జట్టుతో బేరం చేసుకుని మూడో వంతూ నాలుగో వంతూ చేతిలో పెట్టుకున్న గుడివాడవాళ్ళు, ఆ రెండూ మీరు తీసుకుని మొదటిది మాకివ్వండని అడిగారు.

మాస్టారు అసలే కుదురు లేని మనిషి. బళ్ళో మమ్మల్ని వరసలో కదలకుండా నిలబెట్టి, తాను మాత్రం గ్రౌండంతా తిరిగేవారు. చర్చిలో ప్రసంగం మధ్యలో రెండుసార్లు బయటికెళ్ళి చెప్పులు సరిచేసి వచ్చేవారు.

ఆయన మనసంతా హంసలదీవిలో వలలు లాగే ఇద్దరు బావాబావమరుదుల మీద ఉంది. చెయ్యీ చెయ్యీ పట్టుకుని వాళ్ళు చుట్టుముడితే ఎంతటివాడూ గీత దాటలేడు. విడదీస్తే ఇద్దరూ మామూలువాళ్ళే. వాళ్ళ మీద కన్నేసిన సంగతి బయటపడకూడదని, చేపలు కొనే మిషతో వారం వారం వెళ్ళి చూసొచ్చేవారు. బేరమాడటం రాదు, సంచీ నిండా మోసుకొచ్చేవారు. మాస్టారింట్లో పిల్లికి కూడా చేపలంటే విసుగొచ్చిందని అమ్మగారు, అంటే ఆయన భార్య, నాతో మొత్తుకునేవారు.

"ఆ కుర్రాడు పాయింట్లు తెస్తాడు, నిజమే. ఈ ఇద్దరూ ఉంటే తెచ్చినవి పోవురా," అనేవారు మాస్టారు. మరుక్షణమే భయం. రెండో వంతు బందరు జట్టుది. వాళ్ళు ఈ ఇద్దరిలో ఒకణ్ణి ఎగరేసుకుపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతాం. మొదటి వంతు వదలొద్దని నేను రోజూ వాదించాను. చివరి రోజుల్లో ఆయన్ని అలా సతాయించినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సమాధి కార్యక్రమం అయ్యాక గుడివాడ మేనేజరు నా చెయ్యి పట్టుకుని, ఆ విషయం మీ ఇష్టమండీ అన్నాడు. ఎంపిక శనివారమే. అప్పటిదాకా నేనూ మాస్టారిలాగే తిరిగాను. వంతు వదిలితే ఊరు నన్ను తిడుతుంది. వదలకపోతే ఆయన తిరిగిన తిరుగుడంతా వృథా.

శనివారం బందరులో మా జట్టును పిలవగానే లేచి, మా వంతు గుడివాడకు ఇస్తున్నామన్నాను. వాళ్ళు ఆ కుర్రాణ్ణి తీసుకున్నారు. బందరు మేనేజరు కాగితం చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ఎవరో ఘంటసాల ఊరి అబ్బాయిని పిలిచాడు. తర్వాతి రెండు పేర్లూ నేనే చదివాను.

బయటికొచ్చి అలవాటు కొద్దీ మాస్టారి నంబరు నొక్కేశాను. పొరపాటు తెలిసి పెట్టేసేలోపే అమ్మగారు ఎత్తారు. ఎవరని అడగలేదు.

"ఇద్దరూ దొరికారా బాబూ?" అన్నారు.

దొరికారండీ అన్నాను. ఆవిడ ఫోను పెట్టకుండానే పక్క గదిలోకి నడిచి వెళ్ళారు. అక్కడ ఆయన ఫోటో ఉంది. కాస్త గట్టిగా, చెవి సరిగ్గా వినపడని మనిషికి చెప్పినట్టు ఆవిడ చెప్పడం నాకు వినిపించింది.

"ఏవండీ, ఇద్దరూ మనకే వచ్చారంట."