జపాను సినిమా చూసి నవ్విన ఆదివారం

కోయిలకుంట్లలో పెళ్ళి. ముహూర్తం పొద్దున్నే కాబట్టి ముందురోజే పోయి కళ్యాణమండపంలో పడుకున్నాను. లేచి పళ్ళు తోముకుని పుక్కిలిస్తే నీళ్ళు నోట్లో నిలవలేదు. ఎడమ పక్కనుంచి కారి చొక్కా తడిసింది. చెవి వెనక ముందురోజు నుంచే నొప్పి. బైకు మీద వచ్చాను కదా, గాలి కొట్టిందేమో అనుకున్నాను.

నాది బనగానపల్లెలో ఫోటో స్టూడియో. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కెమెరాలో చూడటం నా అలవాటు. ఆ పొద్దున పెళ్ళికూతురి ముందు కెమెరా ఎత్తితే ఎడమ కన్ను మూతపడలేదు. అయినా ఊరుకోకుండా "నవ్వమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. నన్నే చూస్తూ, "అన్నా, నీ మూతి ఎట్లనో ఉండాది" అంది.

నాతో కలిసి వీడియో తీసే ఖాజా వచ్చి నా చేతిలోంచి కెమెరా తీసుకున్నాడు. "నువ్వు ఆస్పత్రికి పో అన్నా, ఈడ నేను చూసుకుంటా" అన్నాడు. అలాగే పోయుంటే ఈ కథ సగంలోనే అయిపోయేది. గేటు దగ్గర పెళ్ళికొడుకు మేనమామ ఆపాడు. "ఏమప్పా, ఇది పచ్చవాతం. ఇంగ్లీషు మందు ఒంట్లోకి పోయిందంటే ఆకుమందు పనిచేయదు. ఆలూరు దిక్కు ఒకాయన పసరు పోస్తాడు, శానా మందికి నయమైంది" అన్నాడు.

పక్షవాతం అన్న మాట వినగానే ఆస్పత్రి సంగతే మరిచిపోయాను. నాకు డిగ్రీ ఉంది. భయమేసినప్పుడు అది ఎందుకూ పనికిరాలేదు. కారు మాట్లాడుకుని ఆలూరు వైపు పోయాను. ఆయన పసరు పోసి, చెంపకు ఆకు కట్టి, తొమ్మిది రోజులు పథ్యం చెప్పాడు. వేరే మందు ముట్టకూడదన్నాడు.

నా భార్య సరోజ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఆకు చూడగానే తగులుకుంది. "కర్నూలు పోదాం పదయ్యా, నీకు దండం పెడతా" అంది. తొమ్మిది రోజులు ఆగుదామని నేను మొండికేశాను. ఆరో రోజుకు ఎడమ కన్ను మంకెన పువ్వులా ఎర్రబడింది. మూతపడని కంట్లో మా ఊరి దుమ్మంతా చేరింది. సరోజ స్కూలుకు సెలవు పెట్టి, నా మాట వినకుండా కర్నూలు తీసుకుపోయింది.

న్యూరాలజిస్టు మేడం మొదట నన్ను కనుబొమ్మలు పైకెత్తమంది. కుడి పక్క నుదురు ముడతలు పడింది, ఎడమ పక్క పడలేదు. "మెదడులో స్ట్రోక్ అయితే సాధారణంగా నుదురు కదులుతుంది. ఇది బెల్స్ పాల్సీలా ఉంది. మొహం నరం వాచింది" అని చెప్పింది. ఎందుకైనా మంచిదని ఎంఆర్ఐ, షుగర్ టెస్టు చేయించింది. రెండూ నార్మల్. తర్వాత, "ఇది ఎన్నో రోజు?" అని అడిగింది.

"ఆరో రోజు మేడం."

"మూడు రోజుల్లోపల వచ్చుంటే స్టెరాయిడ్స్ బాగా పనిచేసేవి. ఇప్పుడు గ్యారంటీగా చెప్పలేను. ముందు కన్ను కాపాడుకోండి."

సరోజ చీటీ తీసుకుని మందుల షాపుకు నడిచింది. తిట్టుంటే బాగుండేది.

పగలు గంటకోసారి చుక్కల మందు, పడుకునేటప్పుడు కంటికి ఆయింట్‌మెంటు, రెప్పకు ప్లాస్టర్. అద్దం ముందు కూర్చుని బుగ్గలు ఊదడం, ఈల వేయడం, ఆ ఈ ఊ అనడం. ఫిజియోథెరపిస్టు రోజుకు మూడుసార్లు చేయమన్నాడు. ఈల రాదు, గాలి మాత్రం వస్తుంది. అన్నం ముద్ద ఎడమ బుగ్గలో ఇరుక్కుంటే వేలితో తీసుకునేవాణ్ణి. పెళ్ళిళ్ళకు ఖాజా ఒక్కడే పోయేవాడు. నేను మాస్కు పెట్టుకుని స్టూడియోలో ఎడిటింగ్ చేసేవాణ్ణి. జనాన్ని నవ్వమని అడిగే వృత్తి నాది. సగం మొహంతో ఎవరి ముందు నిలబడి అడగాలి? నరం బాగుపడకపోతే స్టూడియో ఖాజాకు అప్పగించేద్దామని మనసులో నిర్ణయించుకున్నాను.

ఆ రోజుల్లోనే ఖాజా ఒక పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాడు. సినిమా తీసేవాళ్ళ మీద తీసిన జపాను కామెడీ అట. "అచ్చం మన బతుకే అన్నా, చూడు" అన్నాడు. నవ్వలేనివాడికి కామెడీ సినిమా ఇస్తావేంరా అని వాడి మీద అరిచాను. పాపం, వాడు నొచ్చుకుని వెళ్ళిపోయాడు.

రెండో నెలలో ఒకసారి ఆ సినిమా పెట్టుకున్నాను. కింద ఇంగ్లీషు అక్షరాలు చదవబోతే కంట్లో నీళ్ళు కారి ఏమీ కనపడలేదు. పది నిమిషాలకే ఆపేశాను.

మూడో నెల దాటాక మూతి కదిలింది, కన్ను మూతపడింది. ఇంట్లో పాయసం వండుకున్నాం. కానీ నవ్వబోతే ఎడమ కన్ను దానంతటదే మూసుకోవడం మొదలైంది. మళ్ళీ కర్నూలు. మేడం దాన్ని సింకైనీసిస్ అంది. "నరం తిరిగి పెరిగేటప్పుడు కొంత దారి తప్పింది. ఎక్సర్‌సైజులతో తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను" అంది. ఇంటికొచ్చి మాస్కు తీయకుండానే పడుకున్నాను. ఆ రోజు ఏడ్చాను, దాచడమెందుకు.

ఆరో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం సరోజ తనే ఆ పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టింది. "నువ్వు బొమ్మ చూడు, అక్షరాలు నేను చదువుతా" అంది. ఇంగ్లీషులో చదివి ఊరుకుంటుందనుకున్నాను. మన తెలుగులోకి దింపేసింది.

జపానులో సముద్రం పక్కన చిన్న పల్లె. చేతిలో పైసా లేని ఒక డైరెక్టరు అక్కడ కత్తియుద్ధాల సినిమా తీస్తుంటాడు. వాన సీను కోసం ఊరి ఫైరింజన్ అడిగి తెచ్చుకుంటాడు. కెమెరా తిరగ్గానే ఎక్కడో నిజంగానే నిప్పంటుకుంటుంది. ఫైరింజన్ వెళ్ళిపోతుంది, మనుషులు చాలక పైపు తనే పట్టుకున్న హీరో కూడా దాంతోనే పోతాడు. "రేయ్, వాన పోతాండాది, పట్టుకోండిరా!" అని సరోజ డైరెక్టరులా అరిచింది. వాన కోసం పరిగెత్తడం మన సీమవాళ్ళకు కొత్తా?

తర్వాత హీరో చనిపోయే సీను. అందరూ ఏడుస్తుంటే ఊరి పెద్దాయన ఒకడు అన్నం గిన్నె పట్టుకుని కెమెరాకు అడ్డంగా వచ్చి నిలబడతాడు.

"పెద్దాయనా, ఈడ సావు సీను నడుస్తాండాది, పక్కకు పోప్పా" అంది సరోజ డైరెక్టరు గొంతుతో.

"సావనీలేప్పా, బువ్వ తిని సావమను, సల్లారిపోతాండాది" అని పెద్దాయన గొంతుతో తనే జవాబిచ్చింది.

ఇంక నా వల్ల కాలేదు. తాళి కట్టే సమయానికి సరిగ్గా నా లెన్సుకు అడ్డం వచ్చిన పెదనాన్నలు, మేనత్తలు, ఈ ఇరవై రెండేళ్ళలోని వాళ్ళందరూ కళ్ళ ముందు తిరిగారు. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ పెద్దాయన ప్రతి సీనులోనూ గిన్నెతో దూరుతున్నాడు. నేను నవ్వుతూనే ఉన్నాను. ఎంతసేపటికో సరోజ గొంతు వినపడటం లేదని గమనించాను. తను టీవీ వైపు చూడటం లేదు.

"చదవవేమే?" అన్నాను.

"నేను చదవకున్నా నవ్వుతాండావు కదయ్యా" అంది. కళ్ళు తుడుచుకుంటోంది. సినిమాలో చివరికి ఏమైందో ఈ రోజుకీ తనకు తెలియదు.

మరుసటి రోజు స్టూడియోకి మాస్కు లేకుండా పోయాను. ఖాజాకు క్షమాపణ చెప్పి, పెద్దాయన గిన్నె సీను వాడికి చేసి చూపించాను.

ఇప్పుడు ఏడాది దాటింది. పెళ్ళిళ్ళకు పోతున్నాను. నవ్వితే ఎడమ కన్ను ఇంకా మూసుకుంటుంది. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి పిన్నమ్మ నేను కన్ను కొట్టాననుకుని చీర కొంగు బిగించింది. అప్పటినుంచి కెమెరా ఎత్తే ముందే చెప్పేస్తున్నాను. "అమ్మా, ఇది జబ్బు. కన్ను కొట్టడం కాదు." అందరూ పకపకా నవ్వుతారు. ఆ క్షణంలో నొక్కేస్తాను. నేను తీసిన వాటిలో ఇంత మంచి ఫోటోలు ముందెప్పుడూ రాలేదు.

చదివేవాళ్ళకు ఒక్క మాట. మొహం ఒక పక్క ఉన్నట్టుండి కదలకపోతే ఆ రోజే డాక్టరుకు చూపించండి. స్ట్రోక్ అవునో కాదో మీరు తేల్చుకోలేరు, నేనూ తేల్చుకోలేకపోయాను. నాకు సలహా ఇచ్చిన ఆ పెళ్ళికొడుకు మేనమామ చెడ్డవాడు కాదు, మంచి మనసుతోనే చెప్పాడు. అలాంటివాళ్ళు గేటు దగ్గర మీకూ కనపడతారు. వాళ్ళ మాటకు తల ఊపండి, కాళ్ళు మాత్రం ఆస్పత్రి వైపే పోనీయండి.