మా పెండ్లిరోజుకు నేను తప్ప అందరచ్చిన్రు

మా పెండ్లిరోజు నాడు నేను ఎవలి పెండ్లికి పోయిన్నో చెప్తే మీరు నమ్మరు. పేరు గూడ తెల్వని పిల్లగాని పెండ్లికి పోయిన! పోవుడే కాదు, ఆడిపిల్ల తరపోళ్లు పన్నీరు సల్లి మర్యాద జేస్తే సక్కగ చేయించుకున్న. ఇప్పటికీ సగం మంది నేను ఆ పిల్లగాని మేనత్తనే అనుకుంటున్నరు. జర చాయ్ పట్టుకొని కూసోన్రి, మొత్తం చెప్త.

మేము ఉండేది మంథనిల. నేను, మా ఇంటాయన, రెండెకరాల పొలం. పిల్లలు మూడు దిక్కుల ఉన్నరు. గీ కార్తీకంల ఏం గాలి సోకిందో, ముగ్గురిండ్లల్ల వరుసగ కార్యాలు వడ్డయి. జైనూర్ల పెద్దకొడుకు బిడ్డకు ప్రధానం. అది కాంగనే భైంసల మా బిడ్డె రూతు చిన్నోనికి బాప్తిస్మం. అది కాంగనే కరీంనగర్ల చిన్నకొడుకు కొత్తింట్ల చేరుడు. "అవ్వా, నువ్వు లేకుంటే ఎట్లనే" అని ముగ్గురూ ఫోన్లు. నేను లేకుంటే ఏం ఆగది, నాకు తెల్సు. కనీ అట్ల పిలిస్తే మనసాగుతదా? మా ఇంటాయనకు వరికోతలుండె. ఏ ఇంటికైనా కార్యం నాడచ్చి, తిని, దీవించి, సాయంత్రం బస్సుకు మల్ల పోయిండు. నేను మాత్రం నెలన్నర బ్యాగు సదురుడు, విప్పుడు.

భైంసల నేను బయలెల్లే నాడు రూతు ఒకటే ఏడుపు. "మల్ల ఎప్పుడస్తవే అవ్వా" అని బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకొనే నిలవడ్డది. నేను గూడ కండ్లు తుడుసుకున్న.

కరీంనగర్ల కొత్తింటి ప్రార్థనకు నూరు మందికి పైనే అచ్చిన్రు. బగారన్నం కాడ నేనే నిలవడ్డ. ఒళ్లు హూనమైంది. కనీ తెల్లారి ఇంటికి పోవాల్నని పానం గుంజుతాంది. ఎందుకంటే ఆ శనివారం మా పెండ్లయి యాభై ఏండ్లు. సాయంత్రం ఇంట్ల ప్రార్థన పెట్టుకున్నం. పాస్టరయ్యకు చెప్పినం, వాడకట్టుకు చెప్పినం, వంటాయనకు చెప్పినం. పిల్లలు అస్తమంటే నేనే వద్దన్న. "ఇప్పుడే గదా అందరం కల్సినం, సెలవులు పాడుజేసుకోకున్రి, క్రిస్మస్‌కు రండ్రి" అన్న.

చిన్నకొడుకు పొద్దుగాల ఆటో పిలిచిండు. "అవ్వా, బస్ స్టాండ్ దాకా నేనస్త, బస్సుల కూసోవెట్టి పోత" అన్నడు.

"మంథని బస్సు ఎక్కుడు నాకు తెల్వదారా? నువ్వు పుట్టకముందు సంది ఎక్కుతున్న" అన్న. పెద్ద మొనగత్తె లెక్క!

ఆటో దిగిన్నో లేదో, స్టాండ్ గేటు బయటనే ఒక బస్సు ఆగున్నది. దాని ఒంటి మీద మంథని అని రాసున్నది. అది డిపో పేరని నాకెందుకు తడ్తది? ఒకాయన డోర్ కాడ నిలవడి, "రావాలె రావాలె, లేటైతాంది" అని ఒర్రుతాండు.

"మంథనేనా బిడ్డా?" అన్న.

"ఆఁ మంథనే పెద్దమ్మా, ఎక్కు ఎక్కు. మీకోసమే ఆపినం" అని నా బ్యాగు గుంజుకొని లోపల వెట్టిండు.

ఎంత మర్యాద అనుకున్న. కిటికీ పక్క సీటు ఇచ్చిన్రు. బస్సు ముంగట బంతిపూలు కట్టున్నయి. డ్రైవర్‌కు భక్తి ఎక్కువేమో అనుకున్న. ఆడోళ్లంత పట్టుచీరెలు కట్టిన్రు. లగ్గాల సీజను, ఎవలి పనికి వాళ్లు పోతున్నరు అనుకున్న. నేను ఆధార్ కార్డు చేతుల పట్టుకొని కూసున్న. కండక్టర్ రాలే. దానికి బదులు ఒక పిల్ల అచ్చి ఉప్మా పొట్లం, నీళ్ల సీసా చేతుల వెట్టింది. ఆడోళ్లకు టికెట్ ఫ్రీ అయింది తెల్సు, టిఫిన్ గూడ ఎప్పటిసంది ఫ్రీ చేసిన్రో అనుకున్న! ఇంకొంచెం చట్నీ అడిగి మరీ తిన్న.

తిన్నంక ఒకటే నిద్ర. నెలన్నర నిద్రంత అప్పుడే అచ్చింది.

కండ్లు తెరిసేసరికి కింద గోదావరి కనవడ్డది. మా ఊరు గోదావరి ఒడ్డుకే గదా, హమ్మయ్య, ఊరచ్చింది అని లేసి, బ్యాగు సంకన వెట్టుకొని డోర్ కాడికి అచ్చిన. అప్పుడు యాదికచ్చింది. ఏందంటే, కరీంనగర్ సంది మంథనికి పోతే గోదావరి దాటుడే లేదు. గీ బస్సు బ్రిడ్జి మీద పోతాంది!

"బిడ్డా, గిది ఏ బ్రిడ్జి?" అన్న.

"సోన్ బ్రిడ్జి పెద్దమ్మా. ఇగ నిర్మల్, తర్వాత భైంస. మూర్తానికి అందుకుంటం, ఫికర్ చెయ్యకు" అన్నడు నన్ను ఎక్కించినాయన. ఆయన పేరు రాజేశం, పెండ్లికొడుకు చిన్నాయన.

"మూర్తమేంది? నేను మంథనికి పోవాలె!"

"మంథని సందే గదా వస్తున్నం?"

ఇద్దరం మొఖాలు చూసుకున్నం. ఆయన మెల్లగ అడిగిండు, "పెద్దమ్మా, నువ్వు మా వదినె తరపు కరీంనగర్ చుట్టానివి కాదా?"

"కాదు బిడ్డా."

ఎనకనుంచి ఒక ముసలాయన "మరి ఉప్మా తిన్నది గదా" అన్నడు. అంతే, బస్సు బస్సంత నవ్వుడు. నాకు ఏడుపు, నవ్వు రెండొచ్చినయి. రాజేశం మంచోడు. "నిర్మల్ల దింపితే నువ్వొక్కదానివి మూడు బస్సులు మారాలె. మాతోనే ఉండు. అక్షింతలు వడంగనే గిదే బస్సు మల్ల మంథనికే పోతది, మీ గల్లీ కాడ దింపుత" అన్నడు.

ఇగ మా ఇంటాయనకు ఫోన్ చెయ్యాలె. బుగులు వడుకుంటనే చేసిన.

"ఏడున్నవే? పెద్దపల్లి దాటినవా?"

"సోన్ దాటిన."

"సోనా! అటెందుకు పోయినవ్?"

చెప్పిన. ఆయన "యాభై ఏండ్ల కింద గూడ మూర్తానికి లేటుగనే అచ్చినవ్. కనీ అప్పుడు అచ్చినవ్ గదనే!" అన్నడు. "పాస్టరయ్యకు ఏం చెప్పాలె? పెండ్లికొడుకు నేనున్న, పెండ్లిపిల్ల ఇంకో పెండ్లికి పోయిందని చెప్పాల్నా?"

ఫోన్ పెట్టేసి మల్ల కిటికీ పక్కకే పోయి కూసున్న.

భైంసల ఫంక్షన్ హాల్ ముంగట దిగినం. బ్యాండు మోగుతాంది. పిల్లగాని మేనమామ భార్య నా చెయ్యి పట్టుకొని గుంజితే, రెండడుగులు ఎగిరిన గూడ. ఆమె పిల్లగాని కార్ల అచ్చింది, నా సంగతి తెల్వదు. గేటు కాడ ఆడిపిల్ల తరపోళ్లు వరుసగ నిలవడి పన్నీరు సల్లుతున్నరు. తలవంచుకొని పోతున్న. ఒకాయన నా మీద రెండుసార్లు సల్లి, దండం వెట్టి, "రండి రండి" అనుకుంట మొఖం చూసిండు. పన్నీరు బుడ్డి చేతులనే ఆగిపోయింది.

మా అల్లుడు సామ్యేల్! పెండ్లిపిల్ల నాయిన, మా అల్లుడు ఇద్దరు ఒకటే పత్తి జిన్నింగ్ మిల్లుల పని జేస్తరట.

"అత్తా! నువ్వు పిల్లగాని తరపా?"

"పొద్దటిసంది" అన్న.

లోపల రూతు ఉన్నది, సంకల చిన్నోడు. నన్ను చూసి నోరు తెరిసింది. అంతా ఇన్నంక మొట్టమొదలు ఏమన్నదో తెల్సా? "మొన్ననే గంతగనం ఏడ్సి సాగదోలిన. ఇప్పుడు మల్ల ఏడ్వాల్నానే అవ్వా?" అన్నది. ఆ చిన్నోడు మాత్రం నన్ను చూసి ఎగిరి మీదవడ్డడు. వానొక్కనికే నేను అచ్చుడు మామూలు ముచ్చట.

"రాత్రికి ఉండిపో, రేపు పోదువు" అన్నది రూతు. నేను ఉండలే. యాభై ఏండ్ల దినాన కనీసం రాత్రికన్న మా ఇంటి గడప తొక్కాలె అనిపించింది.

పెండ్లయి, బువ్వలయి, అప్పగింతలయి బయలెల్లేసరికి ఎండ వాలింది. పెండ్లిపిల్ల వైశాలి కార్ల ఎక్కింది గని నిర్మల్ దాటకముందే వాంతులు. ఏసీ పడలేదట. తీస్కచ్చి బస్సుల, నా పక్కన కూసోవెట్టిన్రు. ఎర్రటి కండ్లతోటి కిటికీల నుంచి ఎనకకే చూస్తాంది. వాళ్లింట్ల మరాఠీ మాటలు ఎక్కువ, నన్ను "ఆజీ" అని పిలిచింది, అంటె అమ్మమ్మ అన్నట్టు.

"ఆజీ, మీరు మా అత్తగారికి ఏమైతరు?"

"ఏం కాను బిడ్డా. బస్సు తప్పెక్కిన" అన్న. ఆ పిల్ల పొద్దటిసంది మొదటిసారి నవ్వినట్టున్నది, పక్కనోళ్లంత తిరిగి చూసిన్రు.

జగిత్యాల కాడికి అస్తుంటే వీడియో కాల్. మా ఇంట్ల ప్రార్థన షురూ అయింది! మా ఇంటాయన కొత్త అంగీ తొడుక్కొని కూసున్నడు. పక్కన కుర్చీల పీట, పీట మీద ఫోను, ఫోన్ల నేను. పాస్టరయ్య ప్రార్థన చేసిండు. నేను కండ్లు మూసుకున్న. ఇటు బస్సుల అందరు సప్పుడు లేకుంట చేతులు కట్టుకున్నరు. అయినంక రాజేశమే అందరికన్న ముందు గట్టిగ ఆమెన్ అన్నడు.

ఇగ దండలు. పక్కింటి ఎస్తేరమ్మ మా ఇంటాయనకు ఒక దండ ఏసి, రెండోది ఏడ ఎయ్యాల్నో తెల్వక ఫోనుకు ఏసింది! గప్పుడే సిగ్నల్ పోయింది. నా బొమ్మ నోరు తెరిసి అట్లనే ఆగిపోయిందట. బంతిపూల దండల, పీట మీద, ముంగట కొవ్వొత్తి. అప్పుడే గేటు తెరుసుకొని అచ్చిన మా మరదలు చూసి "అయ్యో వదినె!" అని ఏడుపందుకున్నది. మా ఇంటాయన లేసి, "తియ్యున్రి తియ్యున్రి దండ! మనిషి ఇంక బతికే ఉన్నది, బస్సులున్నది!" అని ఒర్రిండట. మల్ల లైను కలిసేసరికి మా ఇల్లంత నవ్వుతాంది, ఏమైందో నాకు చెప్పేటోళ్లే లేరు.

మా గల్లీ కాడ బస్సు ఆగేసరికి మా ఇంటాయన రోడ్డు మీదనే నిలవడి ఉన్నడు. తిడ్తడనుకున్న. నన్ను చూడనే లేదు. రాజేశం చెయ్యి పట్టుకొని, "అందరు దిగున్రి. బగారన్నం శాన మిగిలింది, మా పెండ్లిపిల్ల లేదని సగం మంది తినకుంటనే పోయిన్రు" అన్నడు. బస్సంత దిగింది. వైశాలి మా ఇంట్ల కూసొని పొద్దటిసంది తినని బువ్వ తిన్నది. మా ఇంటాయన అప్పుడు నా దిక్కు తిరిగి, "నువ్వు తినవా? బస్సుల టిఫిన్ పెట్టిన్రని ఆకలి లేదా?" అన్నడు. యాభై ఏండ్లల్ల ఆయన తిట్టుడు గింతే.

వైశాలోళ్లు ఇప్పుడు ఉండేది మాకు రెండు గల్లీల అవతలనే. అప్పుడప్పుడు మా ఇంటికి అస్తది, మాకు పోళీలు చేసుడు నేర్పుతాంది.

నేను మాత్రం ఆనాటి సంది మస్తు హుషార్ అయిన. మొన్న పెద్దపల్లిల పని జూసుకొని బస్ స్టాండ్‌కు అచ్చిన. మంథని బస్సు ఆగున్నది. ఊకె ఎక్కుతనా? బోర్డు చదివిన. డ్రైవర్‌ను అడిగిన. కండక్టర్‌ను అడిగిన. పెండ్లి బస్సు కాదు గదా అని గూడ అడిగిన. "కాదమ్మా, మామూలుదే, ఎక్కు" అన్నడు. అయినా నమ్మకం కుదరక, చాయ్ కొట్టు ఆయనను ఒక్కమాట అడిగి అద్దామని పోయిన.

"ఆఁ అవ్వా, గదే మంథని బస్సు" అని ఆయన వేలు వెట్టి చూపిచ్చిండు. అటు తిరిగి చూస్తే, బస్సు గేటు దాటి పోతనే ఉన్నది.