చూడనిది చూశానన్న రోజు

నా చిన్నప్పుడు పుదుచ్చేరి పాత ఊళ్ళో మా ఇంటి ముందు గదే మా గాజుల అంగడి. తాతయ్య అక్కడ చాప మీద కూర్చుని, వచ్చిన ఆడవాళ్ళ చేతులు మెల్లగా ఒత్తి పట్టుకుని, ఒక్క గాజు కూడా పగలకుండా మణికట్టుకి ఎక్కించేవాడు. అంగడి పక్కన అరుగు మీద ఒక ఇస్త్రీ బల్ల ఉండేది. దాని వెనక నిలబడి రోజంతా బట్టలు ఇస్త్రీ చేసే ముసలాయన్ని వీధి వీధంతా ఇస్త్రీ తాత అనే పిలిచేది. ఆయన తమిళుడు. సారం అనే పేటలో ఉండేవాడు. పొద్దున్నే నడిచి వచ్చి బొగ్గులు రాజేసుకునేవాడు. సెలవు రోజుల్లో నేను ఆ బల్ల కిందే ఆడుకునేదాన్ని. తడి చిలకరించిన నూలు బట్ట మీద ఇస్త్రీ పెట్టె జారినప్పుడు లేచే ఆ వెచ్చటి వాసన నాకు ఎంతో ఇష్టం.

మేం ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం, కాకపోతే ఆ తెలుగులో సగం తమిళమే. తెలుగు అక్షరాలు మాత్రం ఎవరికీ రావు. నేను కూడా నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో చదువుకున్న మనిషి అంటే మా మేనత్త ఒక్కతే. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, టైపు నేర్చుకుని, ఒక వకీలు దగ్గర ఉద్యోగంలో చేరింది. రోజంతా బెయిలు అర్జీలూ పిటిషన్లూ కొట్టేది. కొట్టిన ప్రతి కాగితాన్నీ మనసు పెట్టి చదివేది. ఆమె ఏ కాలేజీలోనూ చట్టం చదవలేదు. ఆమెకు అది వేళ్ళ గుండా వచ్చింది.

నాకు తొమ్మిదేళ్ళు ఉన్నప్పటి మాట ఇది. ఆ రోజు బడి లేదు. పదిన్నరకో పదకొండుకో ఒక హెడ్ కానిస్టేబులు, ఇద్దరు పోలీసులు మా అరుగు దగ్గర ఆగారు. పక్క వీధిలో మేడ ఇంటి ఆమె పట్టుచీరలు ఇస్త్రీకి వేసిందట. చీర మడతల్లో ఆమె బంగారు గొలుసు కూడా పొరపాటున వెళ్ళిందట. చీరలు తిరిగొచ్చాయి కానీ గొలుసు రాలేదట. ఇస్త్రీ తాత చేతులు జోడించి తనకేమీ తెలియదన్నాడు. వాళ్ళు వినలేదు. ఆయన మూటలన్నీ విప్పి దులిపారు. పొద్దుటినుంచి ఇస్త్రీ చేసి పేర్చిన బట్టలన్నీ వీధిలో మట్టిలో పడ్డాయి. చుట్టూ పెద్దవాళ్ళు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక్కరినీ సాక్షిగా పిలవలేదు. ఏం వెతికారో, ఏం దొరికిందో ఒక కాగితం మీద రాయనూ లేదు. అది తప్పని మాకెవరికీ తెలియదు. తాతయ్య అంగడిలోనుంచి లేచి గడప దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాడు.

మూటల్లో ఏమీ దొరకలేదు. అప్పుడు హెడ్ కానిస్టేబులు బల్ల కింద ఉన్న నన్ను చూశాడు. నా ముందు గొంతుక్కూర్చుని నా జడ సవరించాడు. ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. ఈ ముసలాయన మూటలోంచి ఏదో తీశాడు, నువ్వు చూశావు కదా పాపా, అని తమిళంలో అడిగాడు. లేదన్నాను. మెరిసే వస్తువు, బాగా గుర్తు తెచ్చుకో అన్నాడు. తెలివైన పిల్లవి, పొద్దుటినుంచి ఇక్కడే ఉన్నావు, నీకు కనబడకుండా ఉంటుందా అన్నాడు. చుట్టూ అందరూ నన్నే చూస్తున్నారు. తెలివైన పిల్ల అన్న మాట నాకు తీపిగా తగిలింది. ఆయన టోపీ, నడుముకున్న బెల్టు, కింద పెట్టిన లాఠీ భయంగా తగిలాయి. ఆ రెండూ కలిసి నా తల ఊపించాయి.

"తీసి నడుములో దోపుకున్నాడు కదా?"

దానికీ తలూపాను.

ఇస్త్రీ తాత నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. వినబడలేదు, మళ్ళీ చెప్పు అన్నట్టు చూశాడు. హెడ్ కానిస్టేబులు లేచి ఆయన చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఆ చప్పుడుకి నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన్ని వీధి చివరికి నడిపించుకుపోతున్నారు.

మధ్యాహ్నం భోజనానికి మేనత్త ఇంటికి వచ్చింది. అరుగు ముందు చెదిరిన బట్టలు చూసి, జరిగిందేమిటో తాతయ్యను అడిగి తెలుసుకుంది. తర్వాత నన్ను పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వేరే ఏదో మాట ఎత్తింది.

"అమ్మణ్ణీ, పొద్దున నేను పోయేటప్పుడు నా చేతిలో పచ్చ గొడుగు ఉండె కదా?"

లేదన్నాను. ఆమె పొద్దున ఉత్త చేతుల్తో పోవడం నాకు గుర్తుంది.

"బాగా యోచన చేసి చెప్పు. నువ్వే కదా వాకిట్లో నిలబడి చూస్తా ఉండావు. పచ్చ గొడుగే."

నేను తడబడ్డాను. ఆమె మొహంలో నవ్వు పోయింది. కళ్ళు నా మీదనుంచి తిప్పలేదు. ఇంకోసారి అడిగింది. ఆమెకు కావలసిన జవాబు ఏదో నాకు తెలిసిపోతూనే ఉంది. అది చెప్పేస్తే ఆ మొహం మళ్ళీ మామూలుగా అయిపోతుందనీ తెలుసు.

"ఉండె," అన్నాను.

"దాని మీద పూలు ఉండె కదా?"

"ఉండె."

"ఏం పూలు?"

"ఎర్ర పూలు."

ఆమె "మన ఇంట్లో పచ్చ గొడుగు యాడుంది?" అంది. మా ఇంట్లో ఉన్నది ఒకటే గొడుగు, తాతయ్యది, నల్లది. ఎర్ర పూలు నేనే కల్పించానని అప్పుడు తట్టింది. వాటిని నిజంగానే చూసినట్టు నా కళ్ళకు కట్టాయి కూడా. ఏడుపు ముంచుకొచ్చింది.

మేనత్త నా కళ్ళు తుడుస్తూ చెప్పిన మాట ఇప్పటికీ ఆ గొంతుతోనే వినబడుతుంది. "నేను సుమ్మా, ఉత్త ఆటకి అడిగినా. ఒళ్ళో పెట్టుకుని అడిగినా. అయినా లేని గొడుగుకి పూలు కూడా పెట్టినావు నువ్వు. ఆ తాతని ఇప్పుడు స్టేషన్‌లో కట్టె పట్టుకుని అడుగుతా ఉంటారు. ఎంత సేపు లేదనగలడు చెప్పు?"

ఆమె అన్నం తినలేదు. చీర సర్దుకుని బయలుదేరింది. నేను ఆమె కొంగు పట్టుకుని నేనూ వస్తానన్నాను. పోలీసు స్టేషన్‌కి ఆడపిల్లేంది అని తాతయ్య అడ్డు చెప్పాడు. "వాళ్ళు పిలిస్తే పంపించే పని లేదు నాయనా, ఆడవాళ్ళనీ పిల్లల్నీ వాళ్ళే ఇంటికొచ్చి అడగాల. మనంతట మనం పోయేది వేరే," అని నా చెయ్యి పట్టుకుంది మేనత్త.

స్టేషన్‌లో ఒక పొడుగాటి బెంచీ, దాని వెనక పచ్చరంగు గోడ, లోపలికి ఒక తలుపు ఉన్నాయి. తలుపు మూసి ఉంది. దాని వెనకనుంచి గట్టిగా అరుస్తున్న గొంతు వినబడింది. అది పొద్దున నాతో మెత్తగా మాట్లాడిన గొంతే. మేనత్త నేరుగా బల్ల దగ్గర కూర్చున్న సబ్ ఇన్‌స్పెక్టరు ముందుకి వెళ్ళింది. వయసులో ఉన్న మనిషి, కొత్తగా వచ్చినట్టున్నాడు. నా చెయ్యి వదల్లేదు. లోపల అరుస్తున్న గొంతు తగ్గిపోయేంత గట్టిగా మాట్లాడింది.

ఇస్త్రీ తాతని ఏ కారణంతో పట్టుకున్నారో ఆయనకు చెప్పారా అని అడిగింది. ఆయన ఇంటికి కబురు పంపారా అని అడిగింది. ఇరవై నాలుగు గంటలు దాటకుండా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి కదా, ఎప్పుడు నిలబెడతారు అంది. ఆయన వకీలుతో మాట్లాడాలంటే మా వకీలుగారు వస్తారంది. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదనీ, చెయ్యి చేసుకుని చెప్పించిన మాట కోర్టులో నిలబడదనీ అంది. అన్నీ తమిళంలోనే, మధ్య మధ్య టైపు కొట్టిన ఇంగ్లీషు మాటలు కలిపి.

"నాకే చట్టం నేర్పిస్తున్నారా అమ్మా?" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

"నేర్పించే అంత చదువు నాకు లేదయ్యా. ఇది నా మాటా కాదు, మా వకీలు మాటా కాదు. రాజ్యాంగంలో, చట్టంలో ఉండే మాట. వందసార్లు టైపు కొట్టినా, అందుకే నోటికి వచ్చేసింది."

ఆయన మేనత్తనీ, మూసిన తలుపునీ చూశాడు. లేచి వెళ్ళి ఆ తలుపు తానే తెరిచాడు. లోపల ఇస్త్రీ తాత నేల మీద, గోడకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. హెడ్ కానిస్టేబులు ఆయన ముందు నిలబడి ఉన్నాడు. సబ్ ఇన్‌స్పెక్టరు తలుపు మళ్ళీ మూయలేదు.

అప్పుడు మేనత్త నన్ను ముందుకి నెట్టింది. పొద్దున చెప్పింది అబద్ధం, నేనేమీ చూడలేదు అన్నాను. హెడ్ కానిస్టేబులు గుమ్మంలోకి వచ్చి, పొద్దున చూశానన్నావే అని కళ్ళెర్రజేశాడు. సబ్ ఇన్‌స్పెక్టరు ఆయన్ని చేత్తో ఆపి, నన్ను ఇంకోలా అడిగాడు. "సరే పాపా. నువ్వు ఏమేం చూశావో నువ్వే చెప్పు." అంతే అడిగాడు. ఆయనకు ఏ జవాబు కావాలో ఆ ప్రశ్నలో నాకు దొరకలేదు. ఉన్నది చెప్పాల్సి వచ్చింది. నీళ్ళు చిలకరించడం చూశాను, మడతలు పెట్టడం చూశాను, ఒకసారి బొగ్గు నిప్పు కాలి మీద పడితే ఎగరడం చూశాను అన్నాను. ఆయన రాసుకున్నాడు.

ఇస్త్రీ తాత ఒంటి మీద ఏమీ దొరకలేదు కాబట్టి ఆయన ఇల్లు వెతకాలన్నారు. వెతకండి, కానీ ఆ వీధివాళ్ళను ఇద్దరిని పక్కన నిలబెట్టుకుని వెతకండి, దొరికిందీ దొరకనిదీ అక్కడే రాసి వాళ్ళతో సంతకం పెట్టించండి అంది మేనత్త. సబ్ ఇన్‌స్పెక్టరు తానే సారం వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేవరకూ మేనత్త ఆ బెంచీ మీద, తెరిచిన తలుపుకి ఎదురుగా కూర్చుంది. ఇటు అటు చూడలేదు. ఆ రెండు మూడు గంటల్లో హెడ్ కానిస్టేబులు నాలుగైదు సార్లు ఆ గదిలోకి వెళ్ళాడు, బెంచీ వైపు చూశాడు, బయటికి వచ్చేశాడు. చట్టం గురించి ఆమె చెప్పిన మాటలు ఎంత పని చేశాయో నాకు తెలియదు. ఆమె అక్కడ కూర్చోవడం మాత్రం పని చేసింది.

పొద్దు వాలకముందే సబ్ ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చాడు. తాత ఇంట్లో ఏమీ దొరకలేదు. అక్కడ రాసిన కాగితం చదివి వినిపించి, తాత వేలిముద్ర తీసుకుని, ఆయన్ని వదిలేశాడు.

కొన్నాళ్ళకి ఆ మేడ ఇంటి ఆమె గాజుల కోసం మా అంగడికి వచ్చింది. ఆమె మెడలో పోయిందన్న గొలుసే ఉందని మా నాయనమ్మ నా చెవిలో చెప్పింది. మేనత్త ఆ పూట ఇంట్లోనే ఉంది. దొరికిందని స్టేషన్‌లో చెప్పారా అమ్మా అని నెమ్మదిగా అడిగింది. మేడ ఇంటి ఆమె గాజులు తీసుకోకుండానే లేచి వెళ్ళిపోయింది.

ఇస్త్రీ తాత మాత్రం చాలా రోజులు రాలేదు. మా అరుగు బోసిపోయింది. వచ్చిన రోజున నేను తలుపు వెనక దాక్కున్నాను. ఆయనే పిలిచాడు. నేను చేతులు కట్టుకుని నిలబడి, తప్పయిపోయింది తాతా అన్నాను. ఆయన బొగ్గులకి విసనకర్రతో విసురుతూ, నా వైపు చూడకుండానే తమిళంలో అన్నాడు. "కణ్ణూ, నువ్వు పిల్లవి, భయపడి అవునన్నావు. మీ అత్త గొంతు వినబడినప్పుడు నేను కూడా అవును అనడానికి నోరు తెరిచి ఉన్నాను. తీయని గొలుసుని తీశానని చెప్పడానికి."

ఆ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. తర్వాత నేను టీచరునయ్యాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను. క్లాసులో పెన్సిలు పెట్టె పోయినా, టిఫిను డబ్బా పోయినా, నువ్వే తీశావు కదా అని ఏ పిల్లనీ అడగలేదు. నువ్వేం చూశావో చెప్పు అని మాత్రమే అడిగాను. కొన్నిసార్లు పోయిన వస్తువు దొరకలేదు కూడా. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. మేనత్త పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆమె ఇంకెన్నిసార్లు ఎవరి కోసం అలా వెళ్ళి కూర్చుందో మాకెవరికీ పూర్తిగా తెలియదు. చెప్పుకునే అలవాటు ఆమెకు లేదు.

ఇప్పుడు నేను పుదుచ్చేరిలోనే లాస్‌పేటలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. మొన్నామధ్య పైఅంతస్తులో ఎవరిదో ఫోను కనబడకుండా పోయింది. మెట్లు ఊడ్చే అమ్మాయి మీద అనుమానపడ్డారు. విచారణకి వచ్చిన పోలీసాయన నాతో చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీరు పెద్దవారు, రోజంతా వరండాలోనే కూర్చుంటారు. ఆ అమ్మాయి ఏదో దాచుకుని దిగడం చూసే ఉంటారు కదమ్మా?" అన్నాడు. ఇరుగుపొరుగువాళ్ళు నా మొహంలోకే చూస్తున్నారు. అరవై దాటిన దాన్ని, ఇన్నేళ్ళు పిల్లల చేత నిజం చెప్పించిన దాన్ని, అయినా ఆ క్షణాన నా తల ఊగడానికి సిద్ధపడటం నాకే తెలిసింది. మెడ బిగబట్టుకున్నాను.

"ఆ అమ్మాయి చీపురు పట్టుకుని మెట్లు దిగడం చూశాను. అంతే చూశాను," అన్నాను. ఆయన నోట్‌బుక్కులో ఆ మాట పూర్తిగా రాసుకునేదాకా అక్కడే నిలబడ్డాను.